బూటు లేసు: చవకైన తాడు, పొడవైన చరిత్ర

బూటు మొత్తంలో అతి చవకైన భాగం లేసు. వేల రూపాయలు పోసి కొన్న బూటుకైనా లేసు తెగితే, రోడ్డు పక్క పాలిష్ డబ్బా పెట్టుకుని కూర్చున్నతని దగ్గర కొద్ది డబ్బుకే కొత్త జత దొరుకుతుంది. అయినా అది లేనిదే ఆ బూటు పనికిరాదు. నాలుగడుగులు వేసేసరికి మడమ బయటికొచ్చేస్తుంది.

పాదరక్ష పైభాగంలో రెండు వరుసలుగా ఉన్న రంధ్రాల్లోంచి దూర్చి, రెండంచులనూ దగ్గరికి లాగి, పైన ముడివేసే సన్నటి తాడే బూటు లేసు. దీనికి ఉన్నవి రెండే అంగాలు. ఒకటి పోగులతో అల్లిన పొడవాటి ఒళ్లు. రెండోది చివర్లలో ప్లాస్టిక్‌తోనో లోహంతోనో తొడిగిన గట్టి కొస. పరిశ్రమలో ఈ కొసను ఆగ్లెట్ అని, టిప్ అని అంటారు.

ఈ తాడును తప్పించడానికి వచ్చినవి తక్కువేమీ కాదు. బకిల్ వచ్చింది, గుండీ వచ్చింది, ఎలాస్టిక్, జిప్పు, వెల్‌క్రో, ఉక్కు తీగ వచ్చాయి. చివరికి బ్యాటరీతో తిరిగే మోటారు కూడా వచ్చింది. ఏదీ దాన్ని పూర్తిగా సాగనంపలేకపోయింది. కారణం లేసు పనిచేసే తీరులోనే ఉంది. రోజంతా నిలబడితే పాదం కొంచెం ఉబ్బి, పొద్దున సరిపోయిన బూటు సాయంత్రానికి బిగుతవుతుంది. ఒకే చోట పట్టే పట్టీకి దీన్ని సర్దే వీలు లేదు. లేసు ఐదారు చోట్ల అడ్డంగా పోతుంది కనుక వేళ్ల దగ్గర వదులుగా, చీలమండ దగ్గర బిగువుగా, ఎక్కడ ఎంత కావాలో అంతే లాక్కోవచ్చు. పైగా పాడైతే ఎవరి లేసు వాళ్లే మార్చుకుంటారు. సూది, దారం, సుత్తి ఏవీ అక్కర్లేదు.

గుహలో ఒంటి బూటు

2008లో ఆర్మేనియాలోని వయోత్స్ జోర్ ప్రాంతంలో, అరెని ఊరి దగ్గరి గుహలో తవ్వకాలు జరుపుతుండగా ఒక బూటు బయటపడింది. కుడికాలిది. పొడవు దాదాపు 24.5 సెంటీమీటర్లు. ఒకే ఆవుతోలు ముక్కను పాదం చుట్టూ మడిచి, ముందువైపూ వెనకవైపూ చిన్న చిన్న చీలికలు పెట్టి, వాటిలోంచి తోలుతాడు దూర్చి బిగించారు. లోపల గడ్డి కూరి ఉంది. అది వెచ్చదనం కోసమో, వాడనప్పుడు ఆకారం చెడకుండా ఉండడానికో తేల్చడం కష్టం. గుహలో చల్లదనం, పొడిగాలి, పైన గట్టిపడిన గొర్రెల పేడ పొర కలిసి ఆ తోలును కాపాడాయి. ఐర్లండ్‌లోని కార్క్ విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన రాన్ పిన్హాసి బృందం 2010లో వివరాలు ప్రచురించింది. బూటు వయసు క్రీ.పూ. 3500 ప్రాంతమని తేలింది. రంధ్రాలతో, లేసుతో చెక్కుచెదరకుండా దొరికిన తోలు బూట్లలో ఇంత పాతవి అరుదు.

దానికి కొద్ది శతాబ్దాల తరవాతివి ఓట్జీ బూట్లు. 1991 సెప్టెంబరులో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దున ఆల్ప్స్ మంచులో దొరికిన ఈ మనిషి దాదాపు 5,300 ఏళ్ల కిందటివాడు. అతని బూట్ల అడుగు ఎలుగుబంటి చర్మం, పైభాగం జింక తోలు. లోపల లిండెన్ చెట్టు బెరడు నారతో అల్లిన వల, ఆ వలకు పాదానికి మధ్య ఎండుగడ్డి. కట్టుతాడు కూడా నారదే. తోలైనా నారైనా, అప్పటికే మనిషికి బూటు సంగతి ఒకటి బాగా తెలిసిపోయిందని ఈ రెంటినీ చూస్తే అర్థమవుతుంది. తోలును కాలి కొలతకు కోయడం కంటే కొంచెం వదులుగా కోసి తాడుతో బిగించడం తేలిక.

రోమన్ సైనికుల కాలిగా అనే మేకుల చెప్పు కూడా తోలు పట్టీలతో కాలికి కట్టుకునేదే. సైనిక శిబిరంలో తండ్రితో పాటు పెరిగిన ఓ పసివాడికి సైనికులు ఆ చెప్పు పేరుతోనే ముద్దుపేరు పెట్టారు. గాయస్ అనే అసలు పేరు మరుగునపడి, చరిత్రలో అతను కాలిగులా చక్రవర్తిగా మిగిలాడు.

మధ్యయుగపు ఐరోపాలో లేసు బూటుకే పరిమితం కాలేదు. జిప్పులు లేని ఆ రోజుల్లో మగవాళ్ల కాళ్ల తొడుగును పైచొక్కాకు కట్టింది, చొక్కా చేతులను భుజానికి కలిపింది, స్త్రీల రవికెను బిగించింది ఈ తాళ్లే. చిన్న రంధ్రంలోంచి తాడు దూరాలంటే కొస సన్నగా, గట్టిగా ఉండాలి. దాంతో రాగి, ఇత్తడి రేకును చుట్టి కొసలు చేసే పని ఒక వృత్తిగా నిలబడింది. దొరల దుస్తులకు అవే బంగారం, వెండి కొసలయ్యాయి. 1545లో మునిగిపోయిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్‌ను 1982లో పైకి తీసినప్పుడు, నావికుల తోలు బూట్లతో పాటు ఇలాంటి లోహపు కొసలు కూడా దొరికాయి. తాళ్లు కుళ్లిపోయినా కొసలు మిగిలాయి.

మన దేశంలో సంగతి వేరు. వేడి ప్రదేశం, గడపలో విప్పేసి లోపలికి వెళ్లే అలవాటు. ఇక్కడ కిర్రు చెప్పులు, పావుకోళ్లు, ముందుకు వంగిన మొనల జోళ్లు నడిచాయి. రంధ్రాల్లోంచి తాడు దూర్చే బూటు మనకు అలవాటైంది పటాలాలతో, పోలీసులతో, తరవాత బడి యూనిఫారంతో. 1930లలో కలకత్తా పక్కన బాటా కంపెనీ ఊరు బాటానగర్ వెలిశాక క్యాన్వాస్ బూటు మధ్యతరగతి ఇంటికి చేరింది. తెల్ల క్యాన్వాస్ బూటుకు సుద్దపూత పూసి, లేసును విడిగా ఉతికి ఆరేసే శుక్రవారం సాయంత్రాలు చాలా ఇళ్లలో ఒక తరం వాళ్లకు గుర్తే.

బకిళ్లు పోయి లేసులు వచ్చిన కాలం

17వ శతాబ్దంలో ఐరోపా కులీనులకు లేసు పాతబడింది. 1660 జనవరి 22న తన బూట్లకు బకిళ్లు పెట్టడం మొదలుపెట్టానని లండన్‌వాసి సామ్యూల్ పీప్స్ తన డైరీలో రాసుకున్నాడు. ఆ తరవాత శతాబ్దానికి పైగా బకిళ్లదే రాజ్యం. వెండివి, ఉక్కువి, రాళ్లు పొదిగినవి అమ్మేవారు. బర్మింగ్‌హామ్, వుల్వర్‌హాంప్టన్, వాల్సాల్ పట్టణాల్లో వేల కుటుంబాలు ఆ పని మీదే బతికాయి.

1790 వచ్చేసరికి గాలి మారింది. కుర్రకారు మళ్లీ రిబ్బన్లు, లేసులు కట్టడం మొదలుపెట్టారు. ఇంగ్లండులో బకిళ్ల పనివారు 1791లో వేల్స్ యువరాజు దగ్గరికి మహజరు పట్టుకెళ్లారు. ఈ కొత్త మోజువల్ల ఇరవై వేల మందికి పైగా పని పోతోందని వాళ్ల మొర. యువరాజు జాలిపడి తన కొలువులో అందరూ బకిళ్లే పెట్టాలన్నాడు. ఫలితం మాత్రం సున్నా. జనం ఆయన మాట వినలేదు. ఫ్రాన్సులో అదే మార్పు రాజకీయ రంగు పులుముకుంది. 1792లో మంత్రి పదవి చేపట్టిన రోలాన్ బకిళ్లు లేని, తాళ్లు కట్టిన బూట్లతో రాజదర్బారుకు వస్తే మర్యాదలు చూసే ఉద్యోగి బిత్తరపోయాడట. అమెరికాలో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ బకిళ్లు మాని లేసులు కట్టినప్పుడూ దాన్ని ఫ్రెంచి విప్లవం మీది మోజుగానే చూశారు. కాలిమీది తాడు ఎవరు ఏ పక్షమో చెప్పిన రోజులవి.

బూటు లేసును 1790 మార్చి 27న ఇంగ్లండులో హార్వీ కెన్నెడీ అనే ఆయన కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడని క్విజ్ పుస్తకాల్లో కనిపిస్తుంది. అరెని బూటును చూశాక ఈ మాటను నమ్మనక్కర్లేదు. ఆ ఏడాదికి లేసుల మోజు తిరిగొచ్చిన మాట నిజం, లేసు పుట్టిందనడం అబద్ధం.

లేసుకు అసలైన మేలు చేసింది 19వ శతాబ్దంలో వచ్చిన లోహపు ఐలెట్, అంటే రంధ్రం అంచుకు బిగించే చిన్న ఉంగరం. అంతకుముందు రంధ్రం చుట్టూ దారంతో కుట్టేవారు. గట్టిగా లాగితే తోలు చిరిగేది. 1823లో ఇంగ్లండులో థామస్ రోజర్స్ లోహపు ఐలెట్‌కు పేటెంటు తీసుకున్న తరవాత రంధ్రం అంచు గట్టిపడింది, బూటును మునుపటికంటే బిగించి లాగే వీలు కలిగింది. కానీ ఒకరి మేలు ఇంకొకరికి కీడు. తోలును కాపాడిన ఆ లోహపు అంచే లేసును కోయడం మొదలుపెట్టింది. లేసులు ఇవాళ్టికీ ఎక్కువగా తెగేది ఐలెట్ దగ్గరే.

తెగుతాయి గనుకనే అమ్మకాలు. 19వ శతాబ్దపు లండన్ వీధుల్లో లేసులు అమ్మడం మరే పనీ చేయలేని వాళ్ల ఆఖరి ఆధారం. చూపు లేనివారు, కుంటివారు, ముసలివారు మెడలో లేసుల గుత్తి వేలాడేసుకుని నిలబడేవారు. హెన్రీ మేహ్యూ 1851లో లండన్ పేదల గురించి వెలువరించిన గ్రంథంలో బూటు లేసుల, రవికె లేసుల వీధి వ్యాపారులకు విడిగా చోటిచ్చాడు. పెట్టుబడి అతి తక్కువ, సరుకు కుళ్లదు, బరువుండదు. అంతకంటే తేలిక వ్యాపారం దొరకడం కష్టమే.

ఏ పోగుతో చేస్తారు?

తోలు, పట్టు, అవిసె నార, జనుము, జనపనార అన్నీ ఒక్కో కాలంలో లేసులయ్యాయి. యంత్రాలు వచ్చాక నూలు రాజ్యమేలింది. నూలు పోగు గరుకు కనుక ముడి జారదు, మెత్తగా ఉంటుంది, రంగు బాగా పడుతుంది. కానీ తడిస్తే నానుతుంది, మురికి పడుతుంది, ఐలెట్ రాపిడికి తొందరగా పీచు లేస్తుంది. ఆఫీసు బూట్లకు వాడే సన్నటి నల్ల లేసులకు ఇందుకే మైనం పట్టిస్తారు. నూలు లేసును కరిగిన మైనంలోంచి లాగి తుడిస్తే పీచు అణిగిపోతుంది, మెరుపు వస్తుంది, ముడి కూడా గట్టిగా నిలుస్తుంది.

1938లో డ్యూపాంట్ సంస్థ నైలాన్‌ను లోకానికి ప్రకటించింది. 1941లో బ్రిటన్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ పాలియెస్టర్ పోగును సాధించారు. యుద్ధానంతరం ఈ రెండూ లేసు స్వభావాన్నే మార్చేశాయి. నైలాన్ బలంలో ఘనం, కానీ నున్నన, కాస్త సాగుతుంది. గుండ్రటి నైలాన్ లేసు కట్టి పరుగెత్తిన వాళ్లకు ముడి ఎన్నిసార్లు ఊడుతుందో తెలుసు. పాలియెస్టర్ అంత సాగదు, ఎండకు త్వరగా చెడదు, చవక. అందుకే ఇప్పటి స్పోర్ట్స్ బూట్ల లేసుల్లో అధికభాగం ఇదే. నున్నదనం తగ్గించడానికి పోగును వేడిమీద మెలిపెట్టి ఉంగరాలు తేలేలా చేస్తారు. అల్లాక చేతికి నూలు లేసు స్పర్శే తగులుతుంది. వాడేసిన నీళ్ల సీసాలను కరిగించి తీసిన పాలియెస్టర్ పోగు కూడా ఇప్పుడు ఈ పనిలోకి వచ్చింది.

పాలీప్రొపిలీన్ ఇంకా చవక, నీరు పట్టదు, కానీ వేడికి తట్టుకోదు. నిప్పు దగ్గర పనిచేసేవాళ్ల బూట్లకు నోమెక్స్, కెవ్లార్ లేసులు వాడతారు. అవి కరగవు. కెవ్లార్‌ను 1965లో స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త డ్యూపాంట్‌లో కనుగొన్నారు. కొండలెక్కే బూట్లకు, సైనికుల బూట్లకు లోపల పొడవాటి పోగుల గుండె, పైన గట్టి అల్లిక ఉన్న గుండ్రటి లేసులు నప్పుతాయి. ట్రయథ్లాన్‌లో ఈత, సైకిలు ముగించి పరుగుకు దిగేవాళ్లు ముడి వేసే కొద్ది సెకన్లు కూడా దండగని ఎలాస్టిక్ లేసులు వాడతారు.

జడకోలాటమాడే యంత్రం

లేసు మగ్గం మీద నేసేది కాదు. దానికి పడుగూ లేదు, పేకా లేదు. అన్ని పోగులూ ఏటవాలుగా పోతూ ఒకదాని మీదుగా ఒకటి, ఒకదాని కిందుగా ఒకటి దాటే అల్లిక అది. ఈ పని చేసే యంత్రాన్ని చూస్తే తెలుగువాళ్లకు జడకోలాటం గుర్తుకు రాక తప్పదు. పైనుంచి వేలాడే రంగురంగుల తాళ్లు తలా ఒకటి పట్టుకుని, సగం మంది కుడికి, సగం మంది ఎడమకు తిరుగుతూ, ఎదురైన ఒకరిని లోపలినుంచి, మరొకరిని బయటినుంచి దాటుతూ పోతే నడిమధ్య జడ పడుతుంది. యంత్రంలో మనుషుల బదులు కండెలు తిరుగుతాయి. ఇంగ్లండులో మేపోల్ అనే స్తంభం చుట్టూ రిబ్బన్లు పట్టుకుని ఇలాగే ఆడతారు. అందుకే అక్కడ ఈ యంత్రానికి మేపోల్ బ్రెయిడర్ అనే పేరు పడింది.

దగ్గరగా చూస్తే దాని తెలివి అర్థమవుతుంది. ఇనుప బల్ల మీద రెండు మెలికల గాళ్లు తొలిచి ఉంటాయి. ఒకటి కుడివైపు వెళ్లేవాళ్లకు, మరొకటి ఎడమవైపు వెళ్లేవాళ్లకు. రెండూ ఒకదాన్నొకటి పదేపదే దాటుతుంటాయి. బల్ల కింద ఉన్న పళ్ల చక్రాలు ఒకదాన్ని ఒకటి తిప్పుతాయి. ఒక్కో చక్రానికి పైన గాళ్లున్న పళ్లెం ఒకటి ఉంటుంది. దాన్ని హార్న్ గేర్ అంటారు. ఒక పళ్లెం కండెను సగం చుట్టు తిప్పి పక్క పళ్లేనికి అందిస్తుంది, అది ఇంకో సగం చుట్టు తిప్పి తరవాతి దానికి. ఎదురుగా వచ్చే కండె సరిగ్గా ఆ క్షణానికి అవతలి వైపు ఉంటుంది కనుక రెండూ ఢీకొనవు. కండెను మోసే క్యారియర్‌కు ఒక చిన్న మీట, స్ప్రింగు ఉంటాయి. పోగు బిగువు సమానంగా ఉంచేది ఆ మీటే. పోగు తెగినా, కండె అయిపోయినా మీట కిందికి పడిపోతుంది, యంత్రం దానంతటదే ఆగుతుంది. పనివాడు వచ్చి పోగు ముడివేసి మళ్లీ నడిపిస్తాడు.

ఎన్ని కండెలన్నది లేసు వెడల్పును బట్టి ఉంటుంది. సన్నటి ఆఫీసు లేసుకు 16 చాలు. స్పోర్ట్స్ బూటు బల్లపరుపు లేసుకు 32, 44 వంటి లెక్కలు నడుస్తాయి. నడుమ గుండెపోగులు పెట్టి చుట్టూ అల్లితే గుండ్రటి లేసు. గుండె పెట్టకుండా గొట్టంగా అల్లి నొక్కితే బల్లపరుపు లేసు. అల్లినదాన్ని పైకి లాగే రోలర్ల వేగమే అల్లిక బిగువును నిర్ణయిస్తుంది. నెమ్మదిగా లాగితే దట్టమైన గట్టి లేసు, వేగంగా లాగితే పలచనిది. నాసిరకం లేసు తయారీలో రహస్యమేమీ లేదు, రోలర్లను కాస్త తొందరపెడితే చాలు. అదే పోగుతో ఎక్కువ గజాలొస్తాయి.

ఈ యంత్రం చప్పుడు ఎక్కువ, వేగం తక్కువ. అందువల్ల కార్ఖానాల్లో వందలకొద్దీ వరుసగా బిగిస్తారు, ఒక్క మనిషి చాలా యంత్రాలను కనిపెట్టుకుని ఉంటాడు. పంట్లాము బొందులు, పైజామా నాడాలు, స్టవ్ వత్తులు, పరదా తాళ్లు అన్నీ ఈ కుటుంబం యంత్రాల మీదే తయారవుతాయి. పోగు ముందే అద్దకమై వస్తే రంగురంగుల గీతలు, గళ్లు వేయవచ్చు. ఒకే రంగు కావాలంటే తెల్లగా అల్లి తరవాత అద్దకం వేస్తారు.

కొస కథ

అల్లిక ఎంత బాగున్నా కొస ఊడితే లేసు పని అయిపోయినట్టే. పోగులు విడిపోయి కుచ్చు అవుతుంది, ఐలెట్‌లో దూరదు. లేసు ఆయుష్షులో సగం దాని అంగుళం కూడా లేని చివరలోనే ఉంది.

ఎక్కువ లేసుల కొస సెల్యులోజ్ అసిటేట్ అనే పారదర్శకమైన పల్చటి ప్లాస్టిక్ పట్టీతో చేస్తారు. టిప్పింగ్ యంత్రంలోకి మీటర్లకొద్దీ లేసు వస్తూ ఉంటుంది. కావలసిన పొడవు రాగానే యంత్రం ఆగి, ఆ చోట పట్టీని చుట్టి, అసిటోన్ తగిలించి మెత్తబరిచి, అచ్చులో గట్టిగా నొక్కుతుంది. ప్లాస్టిక్ కరిగి పోగుల సందుల్లోకి చేరి ఒకే కడ్డీగా గట్టిపడుతుంది. ఆ కడ్డీని సరిగ్గా నడిమికి కోస్తే ఒక సగం ఈ లేసుకు చివర, రెండో సగం తరవాతి లేసుకు మొదలు. ఒక్క నొక్కుతో రెండు కొసలు. గోళ్లరంగు తుడిచే ద్రావకం చాలా రకాల్లో ఉండేదీ అసిటోనే. లేసు మీద అది పడితే కొస మెత్తబడి ఊడుతుంది.

ఖరీదైన బూట్లకు, కొన్ని ఫ్యాషన్ బూట్లకు ఇత్తడి, ఉక్కు, అల్యూమినియం రేకు కొసలు నొక్కిపెడతారు. అవి బాగుంటాయి, కానీ లాగినప్పుడు ఐలెట్ అంచుకు తగిలి జారిపోయే అవకాశం ఉంది. పిల్లల బూట్లకు ప్లాస్టిక్ కొసే మేలు.

తయారైన లేసు ఎంత కాలం మన్నుతుందో ముందే చూసే పరీక్షలున్నాయి. ఐఎస్‌ఓ 22774 ప్రమాణం లేసు రాపిడికి సంబంధించినది. లేసును లేసుతోనూ, ఐలెట్‌తోనూ పదేపదే రాపాడించి ఎన్ని సార్లకు తెగుతుందో లెక్కిస్తారు. అమెరికన్ రచయిత నికల్సన్ బేకర్ 1988లో రాసిన ది మెజనైన్ నవలలో ఈ ప్రశ్నే కథానాయకుణ్ణి పీడిస్తుంది. అతని రెండు బూట్ల లేసులూ ఒక రోజు తేడాతో తెగిపోతాయి. మధ్యాహ్నం తిండివేళ కొత్త లేసు కొనుక్కు రావడమే ఆ నవలలో ప్రధాన సంఘటన. లేసు అరిగేది ముడివేసేటప్పుడు లాగే లాగుడికా, నడిచేటప్పుడు పడే వంపుకా అని అతను చేసే తర్కం పరీక్షశాలల వాళ్లకూ కొట్టిపారేయదగ్గది కాదు.

లేసుల ఊళ్లు

జర్మనీలో వుపర్ లోయలోని బార్మెన్ పట్టణం 18వ శతాబ్దం నుంచి రిబ్బన్లకు, అల్లిక తాళ్లకు పేరుపొందింది. ఇంగ్లండులో మాంచెస్టర్‌కు చెందిన థామస్ వాల్‌ఫర్డ్ 1748లోనే అల్లిక యంత్రానికి పేటెంటు పొందినా, ఆ యంత్రం ఇంటింటి పనిగా, ఆ తరవాత పెద్ద పరిశ్రమగా ఎదిగింది బార్మెన్‌లోనే. ఆ ఊరు ఇప్పుడు వుపర్టాల్ నగరంలో భాగం. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రం ఆ స్థానం తీసుకుంది. అక్కడి ప్రావిడెన్స్ నగరపు న్యూ ఇంగ్లండ్ బట్ కంపెనీ తలుపు బందులు పోతపోసే వ్యాపారంగా మొదలై, అల్లిక యంత్రాల తయారీలో స్థిరపడింది. ఒహాయో రాష్ట్రంలో పోర్ట్స్‌మత్ పట్టణాన 1902లో మొదలైన మిచెలేస్ ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద లేసుల కార్ఖానాగా పేరు తెచ్చుకుంది.

బూట్ల తయారీ ఆసియాకు తరలగానే లేసులూ వెంట వచ్చాయి. లేసు బరువు తక్కువే కానీ బూటు ప్యాక్ అయ్యే రోజున అదే రంగు, అదే పొడవు చేతిలో ఉండాలి. చైనాలో జిన్‌జియాంగ్, డోంగ్వాన్ వంటి బూట్ల ఊళ్ల చుట్టూ లేసు, ఐలెట్, అట్టపెట్టె తయారీదారులు గుంపుగా చేరడానికి కారణం ఇదే. లేసులు, అంటించే పట్టీలు చేసే తైవాన్ సంస్థ పైహో వియత్నాంలోనూ కార్ఖానాలు పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి జిల్లా తడ దగ్గరి మాంబట్టులో అపాచీ సంస్థ ఆడిడాస్ బూట్లు తయారుచేస్తోంది. అది కూడా తైవాన్ నుంచి వచ్చిందే. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లకు అక్కడ పెద్ద సంఖ్యలో పని దొరికింది.

పోటీదారులు

1840లో లండన్‌కు చెందిన జోసెఫ్ స్పార్క్స్ హాల్ పక్కన ఎలాస్టిక్ ఉన్న బూటుకు పేటెంటు తీసుకున్నాడు. 19వ శతాబ్దం చివర ఆడవాళ్ల గుండీల బూట్లు వెలిగాయి. ఆ గుండీలు పెట్టడానికి విడిగా ఒక కొక్కెం కావాల్సి వచ్చేది. 1955లో స్విట్జర్లండ్ ఇంజనీరు జార్జ్ ద మెస్త్రాల్ పేటెంటు పొందిన వెల్‌క్రో 1968లో పూమా బూట్ల మీదికి ఎక్కింది. పసిపిల్లలకు, వేళ్లు వంగని వృద్ధులకు అది నిజంగా వరం. కానీ దుమ్ము, దారాలు పట్టి కొన్ని నెలలకే పట్టు తగ్గుతుంది, దాన్ని మార్చడం ఇంట్లో కుదిరే పని కాదు. 2001లో అమెరికాలో గ్యారీ హామర్‌స్లాగ్ స్నోబోర్డు బూట్లకోసం బోవా పద్ధతి తెచ్చాడు. సన్నటి ఉక్కు తీగ, తిప్పే బిరడా. సైకిలు పందేలవాళ్లు, గోల్ఫ్ ఆటగాళ్లు దాన్ని ఇష్టపడతారు.

వీటన్నిటిలో ఆర్భాటం ఎక్కువ చేసింది మాత్రం మోటారు లేసు. 1989లో వచ్చిన బ్యాక్ టు ద ఫ్యూచర్ రెండో భాగం సినిమాలో బూట్లు తమంతట తామే బిగుసుకుంటాయి. నైకీ సంస్థ దాన్ని నిజం చేసి 2016లో హైపర్‌అడాప్ట్‌ను, 2019లో ఫోన్‌తో నడిచే అడాప్ట్ బీబీని 350 డాలర్లకు తెచ్చింది. నెల తిరిగేసరికి ఒక సాఫ్ట్‌వేర్ మార్పు వచ్చి కొందరి బూట్లు ఫోన్ మాట వినడం మానేశాయి. 2024లో ఆ యాప్‌ను దుకాణాల నుంచి తీసేశారు. కాలికి బూటు తొడుక్కోవడానికి ఛార్జింగు, అప్‌డేటు కావాలంటే మార్కెట్ ఎంతకాలం ఓపిక పడుతుంది?

లేసే వద్దన్నవాళ్లూ ఉన్నారు. న్యూయార్క్ ర్యాప్ బృందం రన్-డీఎమ్‌సీ లేసులు తీసేసిన ఆడిడాస్ సూపర్‌స్టార్ బూట్లతో వేదికెక్కి, 1986లో ఆ బూట్ల మీదే పాట పాడింది. అమెరికా జైళ్లలో ఖైదీల లేసులు తీసుకుంటారు, ఆ వేషం అక్కడినుంచి వీధికొచ్చిందని చెబుతారు.

దూర్చే లెక్క, ఊడే ముడి

లేసును ఎన్ని విధాలుగా దూర్చవచ్చు? ఆరు జతల రంధ్రాలకు లెక్కవేస్తే దాదాపు రెండు లక్షల కోట్ల మార్గాలున్నాయని మెల్‌బోర్న్‌కు చెందిన ఇయన్ ఫీగెన్ చూపించాడు. వీటిలో కాలికి పనికొచ్చేవి కొన్నే. గణితజ్ఞుడు జాన్ హాల్టన్ 1995లో, ఆ తరవాత ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం నుంచి బుర్కార్డ్ పోల్‌స్టర్ 2002లో నేచర్ పత్రికలో, వీటిలో ఏది మేలన్న సమస్యను పరిష్కరించారు. తక్కువ పొడవు లేసుతో సరిపోయే పద్ధతి, మధ్యలో కొన్ని రంధ్రాలను నిలువుగా దాటించే ఒక అరుదైన అల్లిక. బిగించే బలం మాత్రం రోజూ అందరూ వాడే ఏటవాలు కత్తెర అల్లికకూ, తిన్నని అడ్డగీతల అల్లికకూ ఎక్కువ. వేల ఏళ్లుగా మనుషులు లెక్కలు వేయకుండానే మంచి జవాబు పట్టుకున్నారన్నమాట.

ముడి ఎందుకు ఊడుతుందన్నది ఇంకో ప్రశ్న. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీ కేంద్రంలో ఆలివర్ ఒరైలీ బృందం ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తే కాలిని నిదానపు చిత్రాలుగా తీసి 2017లో ఫలితం చెప్పింది. పాదం నేలను తాకే క్షణంలో ముడి మీద గురుత్వాకర్షణకు ఏడింతల తాకిడి పడుతుంది. ఆ దెబ్బకు ముడి కాస్త వదులవుతుంది. కాలు ఊగినప్పుడు వదులు చివరలు విసురుగా లాగుతాయి. చాలాసేపు ఏమీ జరగనట్టే ఉండి, ఒకసారి జారడం మొదలయ్యాక రెండడుగుల్లో పూర్తిగా ఊడిపోతుంది.

ఇందులో ముడి వేసే తీరుకూ వాటా ఉంది. మొదటి చుట్టు ఎడమ మీద కుడి వేస్తే, రెండో చుట్టు కుడి మీద ఎడమ పడాలి. అప్పుడు లేసు చెవులు పాదానికి అడ్డంగా నిలుస్తాయి. రెండూ ఒకే వైపు వేస్తే చెవులు బొటనవేలి వైపు తిరిగి నిలువుగా నిలబడతాయి, ఆ ముడి త్వరగా ఊడుతుంది. ఎంతోమంది ఈ తప్పు ముడినే జీవితాంతం వేస్తుంటారు. పరుగు బూట్లలో పైన కనిపించే అదనపు రంధ్రం కూడా అలంకారం కాదు. అదే వైపు దానిలోంచి లేసును లూపుగా తీసి, ఎదుటి వైపు కొసను ఆ లూపులోంచి లాగితే మడమ కదలదు.

కొత్త లేసు కొనబోయే ముందు బూటుకు ఎన్ని జతల రంధ్రాలున్నాయో లెక్కపెట్టుకోవాలి. మామూలు స్పోర్ట్స్ బూటుకు ఐదు జతలైతే దాదాపు 100 సెంటీమీటర్లు, ఆరైతే 114, ఏడైతే 137 సెంటీమీటర్లు సరిపోతాయి. ఆఫీసు బూటుకు రంధ్రాలు దగ్గరగా ఉంటాయి కనుక కొంచెం తక్కువ చాలు. కొస ఊడితే వెంటనే పారేయనక్కర్లేదు. పాలియెస్టర్ అయితే కొవ్వొత్తి దగ్గర జాగ్రత్తగా వేడి చేసి కొసను నొక్కండి, నూలుదైతే జిగురు రాసి మెలిపెట్టి ఆరనివ్వండి. తెగిపోయినప్పుడు మాత్రం రెండు ముక్కలనూ కలిపి కొలిచి, ఆ కొలతే దుకాణంలో అడగండి.